బోణీ చెయ్యి

మామిడిమెట్టలో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఢిల్లేశ్వరిని పిలిచేవాళ్ళు. కిరాణా కొట్టు తెరిస్తే మొదటి అగ్గిపెట్టె ఆవిడే కొనాలి. కుట్టుమిషను కొంటే మొదటి జాకెట్టు గుడ్డ ఆవిడదే పడాలి. జీడితోటలో కాపు దిగిన రోజున మొదటి పిక్క ఆవిడ కుడిచేత్తోనే ఏరాలి. ఆ చెయ్యి పడితే ఇంక తిరుగుండదని ఊరి నమ్మకం. ఏదో రెండు మూడుసార్లు కలిసొచ్చింది, అంతే. అచ్చిరాని సందర్భాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు గనక! ఆవిడ కూడా కాదనలేదు. పొగడ్త ఎవరికి చేదు?

ఆవిడ ఆ ఊరి ఆశా కార్యకర్త. వయసు నలభై ఆరు. మొగుడు లారీ మీద ఒడిశా, బెంగాలు తిరుగుతూ నెలకోసారి కనబడతాడు. పిల్లల్లేరు. అక్క కాన్పులో పోతే, ఆవిడ కూతురు నాలుగేళ్ళ నీలవేణిని తెచ్చి పెంచుకుంది. ఆ పిల్లకు పెళ్ళయి, ఇప్పుడు రెండేళ్ళ కూతురు జాను. ఉండేది అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల. ఢిల్లేశ్వరికి లోకంలో ఉన్న తీపంతా ఆ ఇంట్లోనే ఉంది.

జీడితోటల ఉద్దానంలో చాలామంది ఆడవాళ్ళలాగే ఆవిడ కూడా ముప్పై ఏళ్ళొచ్చేదాకా జీడిపిక్కలు కొట్టింది. పిక్క పగిలితే వచ్చే నూనె చర్మాన్ని తినేస్తుంది. వేళ్ళు నల్లబడి, తోలు ఊడి, మళ్ళీ కొత్త తోలు వస్తుంది. ఆ చేతుల మీద మచ్చ ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. లేదంటేనే ఆశ్చర్యం. పెద్దరోగం, అంటే కుష్ఠు, ఆ ప్రాంతంలో దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

అందుకే విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల వాళ్ళు, డాక్టర్ వైదేహి అనే ఆవిడ ఆధ్వర్యంలో, 'లోచూపు'ను తయారుచేశారు. చూడ్డానికి సోడాసీసా మూతంత అద్దం. ఫోనుకు తగిలిస్తే కంటికి కనబడని కాంతి ఏదో చర్మంలోకి పంపి, లోపలి సన్న నరాలు ఎలా ఉన్నాయో చూస్తుంది. మచ్చ పైకి తేలడానికి మూడు నాలుగేళ్ళ ముందే రోగాన్ని పట్టేస్తుంది. బాగుంటే ఫోను మీద పచ్చ గీత, అనుమానముంటే ఎర్ర గీత. ఎర్రదైతే ఆ బొమ్మ విశాఖలో డాక్టర్ల దగ్గరికి వెళుతుంది. వాళ్ళు చూసి అవునంటే మందుబిళ్ళలు నడుచుకుంటూ ఇంటికే వస్తాయి. వేలు వంకర పోకముందే, తిమ్మిరి ఎక్కకముందే, నలుగురికీ తెలియకముందే రోగం మాయం. ఎంత గొప్ప సంగతి!

శిక్షణకు నలభై ఊళ్ళ నుంచి నలభై మంది ఆశాలు వెళ్ళారు. డాక్టర్ వైదేహి సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అద్దాన్ని అరచేతిలో పెట్టుకుని చూపించింది.

"దీనికి ఆరోగ్యం అంటే ఏంటో తెలీదమ్మా. ఎండ, ఉక్క, చెమట... చర్మం రోజుకో రకంగా ఉంటుంది. అందుకని రోజూ పొద్దున మొట్టమొదట ఒక మంచి చెయ్యి చూపించాలి. ఇవాళ్టికి బాగున్న చర్మం ఇది అని అది నేర్చుకుంటుంది. తర్వాత వచ్చే చేతులన్నీ దాంతోనే పోల్చుకుంటుంది. రోజూ ఒకే మనిషి చెయ్యి పెట్టకూడదు. ఊళ్ళో ఏడుగురిని ఎంచుకోండి, వారానికి ఏడుగురు."

ఢిల్లేశ్వరి ముందు వరసలోంచి లేచింది. "అంతే మేడమ్, బోణీ అన్నమాట."

గదిలో అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. "సరిగ్గా చెప్పారు. బోణీయే."

ఢిల్లేశ్వరి మురిసిపోయింది. ఊరికి వచ్చాక వారం రోజులు ఆ మాటే అందరికీ చెప్పింది.

చెప్పడం వరకూ బాగానే ఉంది. తీరా బడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, మొదటి చెయ్యి ఎవరిదయ్యా అంటే ఒక్కడూ కదల్లేదు. బోణీ అంటే మాటలా? పొద్దున్నే ఏ పనికి బోణీ చేస్తే రోజంతా ఆ గాలే తగులుతుంది.

పాలు పోసే ఈరాసామి మొహం మీదే అనేశాడు. "పెద్దరోగం మిసనుకి నన్ను బోణీ సెయ్యమంతావేటి? నా కొంప ఆరిపోడానికా? నీ సెయ్యి ఉండగా మా సేతులెందుకు ఢిల్లేస్సరీ? ఊరందరికీ కలిసొచ్చిన సెయ్యి, దీనికి రాదేటి!"

"అదే అదే," అన్నారందరూ.

ఆవిడకూ అది సబబుగానే తోచింది. ఎడం చేత్తో ఫోను పట్టుకుని, కుడి ముంజేతిని అద్దం కింద పెట్టుకుంది. ఫోను 'మొదటి చెయ్యి ఎవరిది?' అని అడిగితే ఒకరోజు ఈరాసామి పేరు, ఒకరోజు బడి పంతులు పేరు, ఒకరోజు ఇంకెవరి పేరో రాసింది. ఏడు రోజులకీ ఏడు పేర్లు. రాతకి ఏడుగురు, చేతకి ఒక్కర్తె. ఇందులో మోసం ఉందని ఆవిడ అనుకోలేదు. కాగితాలు అడిగేది ఒకటి, ఊరు నడిచేది ఒకటి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ రెండింటి మధ్యా సర్దుకురావడమే తన పని అనుకుంది.

పద్నాలుగు నెలలు గడిచాయి. పచ్చగీతలే పచ్చగీతలు. చుట్టుపక్కల ఊళ్ళలో నాలుగూ అయిదూ ఎర్రవి తేలితే మామిడిమెట్టలో ఒక్కటీ లేదు. విశాఖలో సభ పెట్టి ఢిల్లేశ్వరికి శాలువా కప్పారు. ఆ ఫోటో నీలవేణి ఇంటి గోడకు ఎక్కింది.

నీలవేణిది ఇంకో గొప్ప. కాల్చిన పిక్కలు వేడివేడిగా కొట్టడంలో ఆ పిల్లను మించినవాళ్ళు జీడిపప్పు పరిశ్రమలో లేరు. మిగతా ఆడవాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ నాలుగు కొట్టేలోపు తను పది కొట్టేది. మేస్త్రీ అందరికీ ఆ చేతుల్ని చూపించేవాడు. "సూడండి, ఆ గుంటకి సురుకే తెలీదు!"

"మా పిన్ని పెంపకం మరి," అనేది నీలవేణి. పిన్ని చేత మూడుసార్లు పరీక్ష చేయించుకుంది కూడా. మూడుసార్లూ పచ్చే.

*

ఆ ఏడు కార్తీకంలో ఒకరోజు ఢిల్లేశ్వరి ముంజేతికి పెనం అంచు తగిలింది. ఎప్పుడు తగిలిందో తెలియలేదు. బొబ్బ లేచి చీర కొంగు అంటుకున్నాక చూసుకుంది. నవ్వి, "జీడినూని తాగిన సేతులు, పెనానికి బెదురుతాయేటి," అని కట్టు కట్టుకుంది. కట్టు కట్టిన చేతిని అద్దం ఒప్పుకోదు, ఎడం చేత్తో బోణీ ఎవరూ చెయ్యరు. ఆవేళ వరండాలో ముప్పై రెండు మంది కూర్చుని ఉన్నారు. బోణీ లేదు.

అప్పుడు బడి ఊడ్చే తవిటమ్మ, చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చింది. అరవై ఐదేళ్ళ మనిషి. మొగుడు పోయి ముప్పై ఏళ్ళు. పొద్దున్నే ఆవిడ ఎదురుపడితే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు ఆ ఊళ్ళో సగంమంది. అందుకని ఆవిడే పొద్దెక్కేదాకా వీధి మొహం చూసేది కాదు.

"నా సెయ్యి పనికొత్తాదేటమ్మా?" అంది.

వరండాలో సణుగుడు మొదలైంది. ఢిల్లేశ్వరి ఒక క్షణం తటపటాయించింది. ఆఖరికి, పని ఆగిపోతే ఎలాగ అనుకుని ఆ ముసలి చేతిని అద్దం కింద పెట్టింది.

మొదటి మనిషి పచ్చ. రెండో మనిషి ఎరుపు. ఆవిడ అద్దం తుడిచి మళ్ళీ చూసింది. ఎరుపే. నాలుగో మనిషి ఎరుపు. ఏడో మనిషి ఎరుపు. తొమ్మిదోది నీలవేణి, పరిశ్రమకు వేళవుతోందని చంకలో పిల్లతో నిలబడి చెయ్యి చాపింది. ఎరుపు. ముప్పై రెండు మందిలో పదకొండు మందికి ఎర్రగీత పడింది.

ఇంకేముంది, వరండా రచ్చరచ్చ అయిపోయింది.

"ముండమోపి సెయ్యి పెట్టించినావు, ఇంకేటవుతాది!" అని ఈరాసామి అరిచాడు. అతనిదీ ఎర్రదే.

"ఓలమ్మో, నా సంసారం ఏటైపోతాది," అని ఒకావిడ ఏడుపు లంకించుకుంది.

తవిటమ్మ చీపురు తీసుకుని, తన చెయ్యేదో తప్పు చేసినట్టు చీర కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది.

ఢిల్లేశ్వరి ఎర్రగీతల్ని మళ్ళీ లెక్కపెట్టింది. పద్నాలుగు నెలలు ఒక్క మచ్చ లేని ఊళ్ళో ఒక్క పొద్దులో పదకొండు మందా? ఎలాగవుతుంది? బోణీ మంచిది కాదు, అంతే. ఫోనులో ఒక మూల 'మొదటి చెయ్యి సరైనది కాదు, ఈ రోజు రద్దు' అని ఉంది. దాన్ని నొక్కేసింది. పదకొండు ఎర్రగీతలూ ఎగిరిపోయాయి.

వారం తర్వాత కట్టు విప్పింది. తన చేత్తో బోణీ చేసింది. ఆ పదకొండు మందినీ మళ్ళీ పిలిచింది. అందరికీ పచ్చే. నీలవేణికీ పచ్చే.

"సూసినావా," అంది ఈరాసామితో, గుండెల మీంచి బండ దిగినట్టు నవ్వుతూ. "మిసను మంచిదే. సెయ్యి మంచిది కాదు."

ఆ మాట తవిటమ్మ చెవిన పడింది. పడాలనే గట్టిగా అంది కూడా. ఆ సంగతి తర్వాత్తర్వాత ఢిల్లేశ్వరి ఎన్నిసార్లు తలుచుకుందో!

*

ఎనిమిది నెలలు గడిచాయి. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఢిల్లేశ్వరి మామిడికాయ ముక్కలు పట్టుకుని నీలవేణి ఇంటికి వెళ్ళింది. అరుగు మీద తవిటమ్మ కూర్చుని విస్తరాకులు కుడుతోంది. ఊళ్ళో ఆవిడను అరుగు ఎక్కనిచ్చే ఇల్లు అదొక్కటే. నీలవేణి లోపల పప్పూ అన్నం కలిపి జానుకు ముద్ద పెడుతోంది.

పిల్ల కెవ్వుమంది.

మామూలు మారాం కాదది. ముద్ద ఉమ్మేసి, నోరు తెరిచి, ఊపిరి అందక ఎర్రగా కందిపోయింది. నాలుక మీద తెల్లగా పొర లేచింది.

"ఏటయ్యిందే? మిరపకాయ తగిలిందా?" అంటూ ఢిల్లేశ్వరి పరుగెత్తింది.

"లేదు పిన్నీ, వొట్టి పప్పన్నమే. ఈ మద్దిన నా సేతి ముద్ద పెడితే సాలు, ఇలాగే ఏడుత్తంది." నీలవేణి కళ్ళలో నీళ్ళు. "నా సేతి కూడంటే పడదో ఏటో దీనికి."

ఢిల్లేశ్వరి కుడిచెయ్యి కంచంలో పెట్టింది. అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ కదిపింది. "వేడేం లేదే! సల్లగానే ఉంది. ఈ కూటికి ఏడుత్తాదేటే గుంట?"

గోల విని తవిటమ్మ లోపలికొచ్చింది. కంచం పక్కకు తీద్దామని వంగి, అంచు పట్టుకోబోతే వేళ్ళు అన్నానికి తగిలాయి. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మ! సెగలు కక్కుతంది కదేటి! ఇప్పుడు దించిన కూడు పసిగుంట నోట్లో పెడతారేటి మీరు?"

కంచంలోంచి ఆవిరి లేస్తూనే ఉంది. ఢిల్లేశ్వరి ఆ ఆవిరి వంక చూసింది. తన వేళ్ళు ఇంకా అన్నంలోనే ఉన్నాయి. అక్కడ ఏమీ తెలియడం లేదు. గుడ్డ ముట్టుకున్నట్టుంది, అంతే.

నీలవేణి చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. పక్క వేలు కూడా దాని దారే పడుతోంది.

"ఇదెప్పట్నుంచే?"

"సంకురాతిరి ముందు తిమ్మిరెక్కింది పిన్నీ. ఏలు ఈమద్దినే వంగింది. జీడినూని అనుకున్నాను. నువ్వే కదా పచ్చగీత సూపించినావు, ఇంక బయమెందుకనీ..."

నువ్వే కదా. ఆ పిల్ల ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ధైర్యం చెప్పుకోడానికే అంది. అందుకే అది ఢిల్లేశ్వరి గుండెలో దిగబడిపోయింది.

మూడు చేతులు ఒకే అన్నం ముట్టుకున్నాయి. అందులో వేడి తెలిసింది ఒక్క చేతికే. అది తను ఊరందరి ముందూ చెడ్డదన్న చెయ్యి. పెనం కాల్చినా తెలియని తన ముంజెయ్యి, ముప్పై రెండు మంది వరండా, పదకొండు ఎర్రగీతలు, తన బొటనవేలితో నొక్కిన ఆ 'రద్దు' అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గోడకు ఆనుకుని కూర్చుంది.

"పెద్దమ్మా," అంది తవిటమ్మతో. "రేపు మాతో ఇసాపట్నం రావాల. నీ సెయ్యి గావాల నాకు."

*

ప్రయోగశాలలో చల్లగా ఉంది. డాక్టర్ వైదేహి వాళ్ళ మాట మొదట పూర్తిగా నమ్మలేదు. తవిటమ్మ చేతిని అద్దం కింద పెట్టి, తర్వాత నీలవేణి చేతిని పెట్టింది. ఎరుపు. తర్వాత ఢిల్లేశ్వరి కుడి ముంజేతిని పెట్టింది. గీత అంత ఎర్రగా ఎప్పుడూ చూడలేదు ఎవరూ.

డాక్టరమ్మ లేచి పెద్ద తెర మీద ఏవేవో బొమ్మలు తెరిచింది. మామిడిమెట్ట నుంచి వచ్చిన మొదటి చేతులు. ఈరాసామి, పంతులు, ఇంకా ఐదుగురు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచి చూసింది. ఏడు పేర్లు. ఒకే చెయ్యి. మణికట్టు పైన చిన్న పుట్టుమచ్చతో సహా.

"నాదే మేడమ్," అంది ఢిల్లేశ్వరి. "పేర్లు నానే రాసినాను. బోణీకి ఎవులూ రాలేదు."

"దానికి మీ చెయ్యే ఆరోగ్యం అయిపోయింది," అంది డాక్టరమ్మ మెల్లగా. "మీలో ఉన్నదే వాళ్ళలోనూ కనబడితే, బాగుందనుకుంది. అంతకన్నా మంచి నరాలు ఎలాగూ పచ్చే. రోగం లేనట్టు చూపించింది."

"నా నుంచి పాకిందా వాళ్ళకి? నిజం సెప్పండి."

"చెప్పలేనమ్మా. ఇది ముట్టుకుంటే అంటుకునేది కాదు. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మందు మొదలుపెడితే ఇంక మీ నుంచి ఎవరికీ రాదు. అంతవరకూ నేను మాటివ్వగలను."

"మరి నీలవేణి ఏళ్ళు?"

డాక్టరమ్మ నీలవేణి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. సన్నని దారంతో ఒక్కో వేలినీ తాకి, కళ్ళు మూసుకున్న ఆ పిల్లను, తగిలిందా, ఇప్పుడు తగిలిందా అని అడిగింది. నీలవేణి బడిపిల్లలా తప్పు చెప్పకూడదని తంటాలు పడుతూ, "ఇప్పుడా?" అంటోంది, దారం తాకనప్పుడు.

"రోగం పూర్తిగా పోతుంది. ఏడాది మందులు," అంది డాక్టరమ్మ. "నరం చచ్చుబడి ఆరు నెలలు దాటకపోతే స్పర్శ కూడా తిరిగొచ్చే అవకాశం ఉండేది. ఇప్పుడు... వేలు ఇంకా వంగకుండా చూడగలం. స్పర్శ మాత్రం రాదు."

కార్తీకం నుంచి ఆషాఢం దాకా నెలల్ని ఢిల్లేశ్వరి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎనిమిదే వచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. కాలినట్టు తెలిస్తే కదా ఆకులు వెతుక్కోడానికి!

నీలవేణి కళ్ళు తెరిచి అడిగింది. "అయితే జానుకి ముద్ద పెట్టకూడదా నాను?"

డాక్టరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచే, వెనక్కి తిరక్కుండా చెప్పింది. "మీరు రద్దు చేసిన ఆ రోజు బొమ్మలు మా దగ్గర అలాగే ఉన్నాయి ఢిల్లేశ్వరిగారూ. రద్దు చేసినవి ఒక పక్కన పడుంటాయి. ఎవరూ తెరిచి చూడలేదు. ఒకే చెయ్యి ఏడు పేర్లతో వస్తోందని మిషను పట్టేయగలదు. పట్టమని మేం చెప్పలేదు. ఆ రోజు మీరు బోణీ అన్నారు చూడండి... నేను నవ్వేశాను. బోణీ అంటే మీ ఊళ్ళో ఏంటని అడగాల్సింది."

మిగతా ముప్పై తొమ్మిది ఊళ్ళ బొమ్మలు తెరవమని పక్క గదిలోకి కబురు పంపింది.

వెళ్ళబోతుంటే ఢిల్లేశ్వరిని పక్కకు పిలిచింది. "రోగుల పేర్లు మేం బయట పెట్టం. మీ పేరూ అంతే. అద్దం పాడైంది, కొత్తది ఇచ్చారని ఊళ్ళో చెప్పండి. అందరికీ మళ్ళీ పరీక్ష చెయ్యొచ్చు. మీ ఉద్యోగానికి కూడా ఇబ్బంది ఉండదు."

ఢిల్లేశ్వరి బస్సులో దారిపొడవునా ఆ మాటే నమిలింది. ఎంత తేలిక! అద్దం మీద నెట్టేస్తే సరి. తన చెయ్యి మంచిదిగానే ఉండిపోతుంది. ఊరు తనను పిలుస్తూనే ఉంటుంది. చెబితే మటుకు, పిల్లలకు తను వేసిన చుక్కల మందు, పురిటింట్లో తను ఎత్తుకున్న బిడ్డలు, తను చేసిన ప్రతి బోణీ గుర్తొస్తాయి వాళ్ళకి. ఎవరు గుమ్మం తొక్కనిస్తారు?

టెక్కలి దాటాక ముందు సీటులో తవిటమ్మ నిద్రపోతూ కనబడింది. కుడిచెయ్యి కొంగులో దాచుకునే ఉంది. బస్సులో ఎవరూ ఎరిగినవాళ్ళు లేరు. అయినా ఆ చెయ్యి బయటికి రాలేదు. ఎనిమిది నెలల నుంచీ ఆవిడ అలాగే దాచుకుంటోందని ఢిల్లేశ్వరి అప్పుడే చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

*

రెండోరోజు పొద్దున బడి వరండా నిండిపోయింది. ఆవిడ చెప్పకుండానే కొత్త అద్దం వచ్చిందని మాట పాకింది. ఢిల్లేశ్వరి లేచి నిలబడి, "తవిటమ్మ పెద్దమ్మా, ఇలాగ రా. బోణీ నువ్వు సెయ్యాల," అంది.

"మళ్ళీనా!" అని ఈరాసామి లేచాడు. "ఆ సెయ్యేటి సేసిందో మరిసిపోనావా?"

"ఆ సెయ్యి నిజం సెప్పింది. అబద్దమాడింది నాది."

తవిటమ్మ రానంది. ఢిల్లేశ్వరి వెళ్ళి, కొంగులోంచి ఆ చేతిని తనే బయటికి తీసి, పట్టుకుని తీసుకొచ్చింది. అద్దం కింద పెట్టింది. తర్వాత తన కుడి ముంజేతిని పెట్టి, ఫోనును అందరి వైపూ తిప్పింది.

ఎర్రగీత.

"మీకు నాను బోణీ సేసిన ప్రతి పొద్దూ ఈ సెయ్యే పెట్టినాను. పద్నాలుగు నెలలు, ఆ పైన ఎనిమిది నెలలు. మీ అందరి పచ్చగీతలూ అబద్దం. ఆ రోజు పదకొండు మందికి నిజం తెలిసింది. నానే సెరిపేసినాను." ఒకటే ఊపిరిలో చెప్పింది. ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆవిడకు తెలుసు. "తిట్టాలనుకుంటే రేపు తిట్టండి. ఇయ్యాళ మటుకు సేతులు పెట్టండి."

ముందు వరసలో కూర్చున్న బాలింత బిడ్డను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. ఆ బిడ్డకు పేరు పెట్టినరోజున మొదటి అక్షింత వేసింది ఢిల్లేశ్వరే. ఒక్కొక్కరే జరిగారు. ఆవిడ చుట్టూ గచ్చు ఖాళీ అయిపోయింది.

ఈరాసామి ఆవిడ మొహం మీదికి వేలు చూపించాడు. ఏదో అనబోయాడు. ఆ వేలు తిన్నగా రాలేదు. మధ్యలో వంగి ఉంది. అది అతనే ముందు చూసుకున్నాడు. రెండో చేత్తో ఆ వేలిని పట్టుకుని తిన్నగా చెయ్యబోయాడు.

అప్పుడు నీలవేణి వచ్చింది. పిల్లను కిందికి దించి, ఆ ఖాళీ గచ్చు మీదుగా నడిచొచ్చి, పిన్ని పక్కన కూర్చుంది. తన చెయ్యి పెట్టింది. ఎరుపు. "మందులున్నాయి," అని అందరికీ చెప్పింది. "నాకు ఆలీసెం అయిపోనాది. మీకు అవ్వలేదేమో, సూపించుకోండి."

ఆ రోజు చివరికి డెబ్భై మంది చెయ్యి పెట్టారు. పందొమ్మిది మందికి ఎర్రగీత పడింది. అందులో పద్నాలుగు మందికి నరం ఇంకా బతికే ఉందని విశాఖ నుంచి కబురొచ్చింది. ఈరాసామి ఆ పద్నాలుగులో లేడు.

ఢిల్లేశ్వరిని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. పేర్లు మార్చి రాసినందుకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, అంతే. మందుబిళ్ళలు ఇంటింటికీ ఆవిడే పంచుతుంది. గుమ్మం బయట పీట మీద పెట్టమంటారు కొందరు, పెట్టేసి వస్తుంది. శ్రావణంలో వీధి చివర కొత్త హోటలు తెరిచారు. ఎవరూ ఆవిడను పిలవలేదు. తవిటమ్మనూ పిలవలేదు, ఊరంత తొందరగా మారుతుందా! హోటలాయన తన టీ తనే తాగి బోణీ చేసుకున్నాడు. ఢిల్లేశ్వరి ఆ హోటలు ముందు నుంచే మందుల సంచీతో నడిచి వెళ్ళింది. ఇంటికొచ్చాక ఏడ్చింది.

నీలవేణి పిక్కల పని మానేసింది. కంచంలో అన్నం కలిపి, జానును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అరుగు వైపు చూసి కేకేస్తుంది.

"మామ్మా, బోణీ!"

తవిటమ్మ ఆకులు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని లోపలికొస్తుంది. కొంగులో తుడుచుకున్న చెయ్యి బయటికి తీసి, రెండు వేళ్ళతో అన్నం ముట్టుకుంటుంది. ఒక్కోసారి ఇంకాసేపు ఆగమంటుంది. ఒక్కోసారి పెట్టమంటుంది. పెట్టమన్నాకే నీలవేణి ముద్ద చేస్తుంది. ఆ వంకర వేళ్ళతో ముద్ద గుండ్రంగా రాదు. జాను ముందు మామ్మ మొహం చూసి, తర్వాత నోరు తెరుస్తుంది.

ఢిల్లేశ్వరి గుమ్మంలో నిలబడి అది చూస్తుంది. లోపలికి రమ్మని నీలవేణి రోజూ పిలుస్తుంది. ముద్దలన్నీ అయిపోయేదాకా ఆవిడ లోపలికి వెళ్ళదు.